కెరటానికీ కెరటానికీ మధ్య

నరసాపురం దిగువన, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న అలల పరిశీలన కేంద్రానికి నన్ను టెక్నికల్ ఆఫీసరుగా వేసింది నా రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లు ఉండగా, ఒక జూన్ నెలలో. ఇప్పుడు రాస్తున్న సంగతి ఆ తర్వాత రెండో వేసవిలో, ఏప్రిల్ మొదటి వారంలో జరిగింది. సముద్రంలో వేట నిషేధం మొదలవడానికి అప్పటికి పది రోజులు కూడా లేవు.

కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, డాబా మీద ఒక ఇనుప మంచె, ఒక కంప్యూటరు, కరెంటు పోతే మొరాయించే ఇన్వర్టరు. ఉద్యోగులంటే నేను, ఒక వాచ్‌మన్. తీరానికి కొన్ని మైళ్ల అవతల లోతు నీళ్లలో లంగరు వేసిన ఒక పసుపుపచ్చ బోయా ఉండేది. అది కెరటంతో పాటు లేచి పడుతూ, ఎంత లేచింది, ఎంతసేపటికి ఒకసారి లేచింది అన్నది లెక్కగట్టి మాకు పంపేది. నేను ఆ లెక్క సరిచూసి ఫారంలో నింపి ప్రాంతీయ కార్యాలయానికి పంపాలి. వాళ్లు ఆమోదించిన బులెటిన్‌ను రేవులో బోర్డు మీద రాయించాలి, మత్స్యకారుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. హెచ్చరిక జారీ చేసే అధికారం నాకు లేదు. అది పై అధికారిది. ఈ ముక్క నేను తర్వాత చాలామందికి చెప్పాను, నాకు నేనే ఇంకా ఎక్కువసార్లు చెప్పుకున్నాను.

అల ఎలా పుడుతుందో తెలియకపోతే ఆ రోజు జరిగింది అర్థం కాదు కాబట్టి కాస్త వివరిస్తాను. అలను పుట్టించేది గాలి. నీటి మీద గాలి రాసుకుంటూ పోతే ముందు చిన్న ముడతలు లేస్తాయి, ఆ ముడతల వీపు మీద గాలికి పట్టు దొరుకుతుంది, అవి పెరుగుతాయి. గాలి ఎంత బలంగా, ఎంతసేపు, ఎంత దూరం వీస్తే అల అంత పెద్దదవుతుంది. అయితే అలతో పాటు నీరు ప్రయాణం చేయదు. వరిచేను మీద గాలి పరిగెత్తినప్పుడు చేనంతా కదిలినట్టు కనిపిస్తుంది గానీ ఏ దుబ్బు ఉన్న చోట ఆ దుబ్బే ఉంటుంది కదా, ఇదీ అంతే. నీరు ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతుంది. ముందుకు పోయేది బలం.

ఆ బలం గాలి ఆగినా ఆగదు. హిందూ మహాసముద్రం దక్షిణపు కొసన తుఫాను రేగి చల్లారిపోయాక కూడా దాని అలలు రోజుల తరబడి ప్రయాణించి మన తీరానికి వస్తాయి. మా భాషలో వీటిని స్వెల్ అంటాం. ఇందులో మెలిక ఏమిటంటే, నిడివి ఎక్కువున్న అలలు వేగంగా నడుస్తాయి. అందుకని దూరపు తుఫాను నుంచి మొదట చేరేవి బాగా పొడుగాటి అలలు, ఒకదానికీ ఒకదానికీ మధ్య పదహారు, పదిహేడు సెకన్ల ఎడం ఉన్నవి. ఇవి లోతు నీళ్లలో ఎత్తు తక్కువగానే ఉంటాయి. అసలు బలం ఉన్నవి వాటి వెనక వస్తాయి. ఎత్తు తక్కువ, ఎడం ఎక్కువ అని బోయా చెప్పిందంటే, వెనక ఏదో వస్తోందని అర్థం. శిక్షణకు వచ్చిన కుర్రాళ్లకు ఈ పాఠం నేనే చెప్పేవాణ్ని, బోర్డు మీద బొమ్మ గీసి మరీ.

ఇక మా మొగ సంగతి. నది సముద్రంలో కలిసే నోటిని ఇక్కడ మొగ అంటారు. నది తెచ్చిన ఇసుక అక్కడ నీటి కింద మేట వేస్తుంది. పడవ వేటకు పోవాలన్నా, తిరిగి రావాలన్నా ఆ మేట మీదుగానే దాటాలి. పొడుగాటి అల లోతు తగ్గగానే అడుగును తాకుతుంది, నడక మందగిస్తుంది, వెనకవి వచ్చి కుదించుకుంటాయి, ఎత్తు పెరిగి విరుగుతుంది. పాటు సమయంలో, అంటే నీరు సముద్రంలోకి తీసేటప్పుడు, నది ప్రవాహం ఎదురొచ్చి ఆ అలను ఇంకా నిటారుగా నిలబెడుతుంది. బోయా దగ్గర మోకాలెత్తు కనిపించింది మొగ దగ్గర మనిషెత్తు దాటవచ్చు.

బోయాలు లేని రోజుల్లో దీనికి మత్స్యకారులకు తమదైన పద్ధతి ఒకటి ఉండేది. సముద్రం మీద అనుభవం ఉన్న ఒక పెద్దమనిషి మొగ పక్కన ఇసుక కొస మీద నిలబడి కెరటాలు లెక్కపెడతాడు. పెద్ద కెరటాలు జట్టుగా వస్తాయి, జట్టుకూ జట్టుకూ మధ్య కాస్త తెరిపి ఉంటుంది. ఆయన తువ్వాలు ఎత్తి పట్టుకుంటే ఆగాలి, దించి ఊపితే రావాలి. నేను వచ్చేసరికి ఆ పని చేస్తున్నది పోలయ్య. డెబ్బై దగ్గర వయసు, ఒకప్పుడు సరంగు, అంటే పడవ నడిపే నాయకుడు. అప్పటికి ఆయన కొడుకు వెంకటేశు సరంగు. ముగ్గురు మనుషుల ఫైబర్ నావ, వెనక మోటారు.

ఆ పద్ధతిని పోగొట్టింది నేనే. వచ్చిన మొదటి ఏడాదే రేవులో అవగాహన సదస్సు పెట్టాను. పై అధికారి వచ్చారు, శాలువాలు కప్పారు, ఫొటోలు తీశారు. మైకు పట్టుకుని నేను, ఉపగ్రహాలున్న ఈ కాలంలో తువ్వాలు చూసి పడవ నడపడం ఏంటండీ, బోర్డు చూడండి, ఫోను చూడండి అన్నాను. అందరూ నవ్వారు. పోలయ్య కూడా నవ్వాడు. ఆ తర్వాత ఆయన కొస మీదకు రావడం తగ్గించేశాడు, కొన్నాళ్లకు మానేశాడు. నాకు మాత్రం ఏదో ఘనకార్యం చేసినట్టే ఉండేది. మా అమ్మ లేసు అల్లి నన్ను చదివించింది, ఆ చదువు ఇన్నాళ్లకు జనానికి పనికొచ్చిందని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పాను.

బోర్డు మీద రెండే వరసలు ఉండేవి. గాలి వేగం, అల ఎత్తు. ఎడం ఎన్ని సెకన్లు అన్నది నేను నింపే ఫారంలో ఉంది, బోర్డు మీద లేదు. ఎక్కువ అంకెలు రాస్తే మత్స్యకారులు తికమకపడతారని ఎవరో ఎప్పుడో నిర్ణయించారు. హెచ్చరిక కూడా ఎత్తు ఒక హద్దు దాటితేనే. పైగా ఆ ఎత్తు అనేది అన్నిటికంటే పెద్ద కెరటం ఎత్తు కాదు, కెరటాలన్నిటిలో పెద్దవైన మూడో వంతు తీసి కట్టిన సగటు. దానికి దాదాపు రెండింతలున్న కెరటం ఒకటి ఎప్పుడైనా రావచ్చు. ఈ సంగతీ బోర్డు మీద ఉండదు.

ఆ రోజు తెల్లవారుజామున అయిదున్నరకు వచ్చిన లెక్క ఇది: గాలి దాదాపు లేదు, ఎత్తు ముప్పాతిక మీటరు, ఎడం పదిహేడు సెకన్లు. మా తీరంలో ఆ కాలంలో మామూలుగా ఉండే ఎడం ఏడెనిమిది సెకన్లు. నేను ఆ పదిహేడును చూశాను. చూడలేదని ఎక్కడా చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఫారంలో నింపాను, పంపాను, మామూలు బులెటిన్ వచ్చింది, బోర్డు మీద రాయించాను. అది పోటు నీరు నిండుగా ఉన్న సమయం, సముద్రం అద్దంలా ఉంది.

ఆరు కాకముందే పోలయ్య మెట్లెక్కి వచ్చాడు. చెప్పులు బయట విడిచి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"సారండి, సంద్రం ఇయ్యాల నాకు నచ్చలేదండి. కెరటం చిన్నదే. కానీ ఒకదాని ఎనకాల ఇంకోటి రావడానికి శానా సేపు పడతందండి. ఇంటికాడ కూకుని లెక్కెట్టానండి, రోజూ కంటే రెండింతలు వత్తంది."

యంత్రం లేకుండా ఆయన చెప్పిన లెక్కా, నా తెర మీద ఉన్న లెక్కా ఒకటే. ఆ క్షణంలో నాకు సంతోషం కలగాలి, లేదా భయం కలగాలి. నాకు కలిగింది చిరాకు. బులెటిన్ వెళ్లిపోయాక వచ్చి చెబుతున్నాడేంటి అనిపించింది.

"మావోడు బయల్దేరతన్నాడండి. ఎల్లమంటారా, ఆపమంటారా?" అన్నాడు.

నా చేతిలో ఫోను ఉంది. పై అధికారి నంబరు ఉంది. అంతకు నాలుగు నెలల ముందు ఒకసారి ఇలాగే పొద్దున్నే ఫోన్ చేస్తే ఆయన, "ప్రభుదాస్ గారూ, ఫారంలో ఉన్నది పంపండి చాలు, మీ అనుమానాలకు కాలమ్ లేదు" అన్నారు. ఆ మాట ఇంకా మనసులో గుచ్చుకుంటూనే ఉంది. నిషేధం ముందు చివరి వేట రోజులు, అనవసరంగా ఆపితే రేవంతా నా మీద విరుచుకుపడుతుందన్న లెక్క కూడా వేసుకున్నాను. అన్నీ కలిపి నా నోటి నుంచి వచ్చింది ఇది:

"బోర్డు మీద ఏముందో అదేనండి పోలయ్య గారూ. గాలి లేదు, ఎత్తు తక్కువే. హెచ్చరిక ఏమీ రాలేదు."

"అంటే ఎల్లొచ్చనేనాండి?"

"బోర్డు అలాగే చెబుతోంది కదండీ."

ఇంకేమైనా అంటానేమోనని ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత "సరేనండి" అని దిగి వెళ్లిపోయాడు. పావుగంటలో నాలుగు నావలు మొగ దాటాయి. పోటు నీళ్లలో మేట మీద లోతు బాగా ఉండటంతో చిన్న ఊపు కూడా లేకుండా పోయాయి. మంచె మీద నుంచి చూసి, చూశావా, ఏమీ కాలేదు అనుకున్నాను.

ఎనిమిదిన్నర లెక్కలో ఎత్తు మీటరు దాటింది. తొమ్మిదిన్నరకు ఒకటిన్నర దగ్గరకు వచ్చింది. ఎడం పదహారు. గాలి అప్పటికీ లేదు. నేను ఫోన్ చేశాను. పై అధికారి మీటింగులో ఉన్నారన్నారు. హద్దు ఇంకా దాటలేదని ఫోన్ ఎత్తిన అమ్మాయి గుర్తు చేసింది. గ్రూపులో నా అంతట నేను ఒక్క మాట పెట్టవచ్చు, 'మొగ దగ్గర జాగ్రత్త' అని. టైపు చేశాను. పంపలేదు. అధికారికంగా వచ్చాక పెడదామనుకున్నాను.

అప్పటికి పాటు జోరుగా తీస్తోంది. మంచె ఎక్కి చూస్తే మొగ మొత్తం తెల్లగా ఉంది. అది అలజడి సముద్రం కాదు, అదే భయంకరం. కాసేపు ఏమీ ఉండదు, నున్నగా పడుకున్నట్టుంటుంది. తర్వాత మేట మీద గోడ లేచినట్టు ఒక కెరటం లేస్తుంది, దాని వెనక ఇంకోటి, ఇంకోటి. మళ్లీ ఏమీ ఉండదు. ఇసుక కొస మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తువ్వాలు రెండు చేతులతో తల మీదకు ఎత్తి పట్టుకున్నాడు. ఏడాదికి పైగా మానేసిన పని కోసం పోలయ్య మళ్లీ వచ్చాడు.

మూడు నావలు మొగ బయట ఆగిపోయాయి. వాటి సరంగులు పెద్దవాళ్లు, తువ్వాలు తెలిసినవాళ్లు. నాలుగోది ఆగలేదు. నున్నగా ఉన్న తెరిపిలో మోటారు వేగం పెంచి మేట మీదకు వచ్చింది. సగం దాటేసరికి వెనక జట్టు లేచింది. మొదటి కెరటం నావ వెనకభాగాన్ని ఎత్తింది, ముక్కు నీళ్లలో గుచ్చుకుంది, పక్కకు తిరిగింది. రెండోది దాన్ని బోర్లా వేసింది. మంచె మీద నాకు ఏ శబ్దమూ వినపడలేదు. పోలయ్య తువ్వాలు వదిలేసి నీళ్లలోకి పరిగెత్తడం, ఎవరో ఆయన్ని వెనక్కి లాగడం కనిపించింది.

నావలో పనిచేసే మిగతా ఇద్దరు, కలాసీలు, ఈదుకుని బయటపడ్డారు. వెంకటేశు దొరికింది మర్నాడు మధ్యాహ్నం, తీరం వెంట రెండు మైళ్ల అవతల. వాడికి ముప్పై నాలుగేళ్లు.

బతికినవాళ్లలో సూరిబాబు అనే కలాసీ నాకు తర్వాత ఒక మాట చెప్పాడు. అతను నన్ను దెప్పాలని చెప్పలేదు, జరిగింది చెప్పాడంతే. "తువ్వాలు చూశాడండి మా సరంగు. అదిగో మా నాన్న మళ్లీ మొదలెట్టాడు, బోర్డు బాగానే ఉంది కదా, ఫోనులో కూడా ఏమీ లేదు అన్నాడండి. అని మోటారు రేజు చేశాడండి."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మైకు ముందు నేనన్న మాట, జనం నవ్వు, శాలువా, అన్నీ ఒక్కటొక్కటే గుర్తొచ్చేవి. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే నిమిషం కూడా నిలవలేకపోయేవాణ్ని. ఆ మాట విన్న మూడో రోజు పోలయ్య ఇంటికి వెళ్లాను. వెంకటేశు భార్య లోపల ఉంది, బయటికి రాలేదు. పోలయ్య నాకు కుర్చీ వేయించాడు, మంచినీళ్లు తెప్పించాడు. క్షమించమని అడగాలని వెళ్లినవాణ్ని, ఆ నీళ్లు తాగి తిరిగొచ్చేశాను. అంత పిరికితనం నాలో ఉందని అంతకు ముందు నాకు తెలియదు.

నెల తర్వాత విచారణ జరిగింది. విచారణ అంటే ఒక ప్రశ్నల పత్రం, ఒక అధికారి, రేవు షెడ్డులో ఒక టేబులు. బులెటిన్ సమయానికి ప్రదర్శించారా? ప్రదర్శించాం. లెక్కలు హద్దుల్లో ఉన్నాయా? ఉన్నాయి. యంత్రం సరిగ్గా పనిచేసిందా? చేసింది. అన్నిటికీ నా జవాబులు నిజాలే, ఒక్కటీ అబద్ధం లేదు. ఆ పొద్దున పోలయ్య నా దగ్గరకు వచ్చిన సంగతికి పత్రంలో ప్రశ్న లేదు. నేను రాయలేదు.

తర్వాత పోలయ్యను పిలిచారు. వేటకు వెళ్లమని మీకెవరైనా చెప్పారా అని అధికారి అడిగారు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. ఆయన ఒక్క మాట అంటే నా ఉద్యోగం మాట ఎలా ఉన్నా, నా పరువు ఆ షెడ్డులోనే పోయేది. ఒక రకంగా ఆయన అనాలనే కోరుకున్నాను.

"లేదండి. సారుగారు బోర్డు మీదున్నదే చెప్పారండి" అన్నాడు పోలయ్య.

అధికారి అదే రాసుకున్నారు. సిబ్బంది వైపు నుంచి లోపం లేదని నివేదిక వచ్చింది. ఆయన నన్ను కాపాడాలని అన్నాడో, జరిగింది అదే కాబట్టి అదే అన్నాడో నేను అడగలేదు.

ఆ వేసవి వెళ్లాక బోర్డు మీద మూడో వరస నా ఖర్చుతో రాయించాను: కెరటానికీ కెరటానికీ మధ్య ఎన్ని సెకన్లు. అనుమతి తీసుకోలేదు. ఒకరోజు పోలయ్య అటుగా పోతూ ఆగాడు. ఆయనకు చదువు రాదు. కొత్తగా రాసిందేంటండి అని అడిగితే వివరించాను, ఎడం ఎక్కువుంటే ఎత్తు తక్కువైనా ప్రమాదమేనని.

"ఆ రోజు నేను మీకు చెప్పింది అదే కదండి" అన్నాడు.

"అదేనండి" అన్నాను.

ఆయన తలూపి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ కొస మీద నిలబడగా నేను చూడలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది చిన్నదే. మనిషి వచ్చి వెళ్లాలా వద్దా అని అడిగినప్పుడు బోర్డు చదివి వినిపించడం జవాబు కాదు. మనకు తెలిసింది చెప్పాలి, దానికి ఫారంలో కాలమ్ లేకపోయినా. రిటైరయ్యేలోపు నేను ఆ పని ఒకసారి చేశాను. మరుసటి ఏడాది మార్చి చివర్లో బోయా ఎడం పదహారు సెకన్లు చూపించింది. పైవాళ్లను అడగకుండా రేవులోకి వెళ్లి నావలన్నీ ఆపించాను, గ్రూపులో నా పేరుతో హెచ్చరిక పెట్టాను. రెండు రోజులు ఎవరూ వేటకు పోలేదు. ఆ కెరటం రాలేదు, దారిలోనే చప్పబడింది. రెండు రోజుల వేట పోయిందని జనం నన్ను నానా మాటలూ అన్నారు, కొందరు పైకి అర్జీ పెట్టారు. అధికార పరిధి దాటి ప్రవర్తించినందుకు నాకు మెమో వచ్చింది.

ముప్పై నాలుగేళ్ల నా సర్వీసు రిజిస్టరులో ఉన్న మచ్చ ఆ మెమో ఒక్కటే. వెంకటేశు పోయిన రోజు గురించి అందులో ఏమీ లేదు.